43లోంచి 27: బడి లెక్కలు పిల్లల చదువుకు ఎప్పుడు అక్కరకొస్తాయి?

(ఉపాధ్యాయులు, ఛాత్రోపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న ఉపాధ్యాయ మిత్రులకు, రేపు బడుల్లో అడుగుపెట్టబోతున్న ఛాత్రోపాధ్యాయులకు నమస్కారం.

నాకిచ్చిన అంశం ‘వర్ధమాన దేశాల్లో బడి గణాంకాల పరిశోధన, విద్యాభివృద్ధి’. పేరు బరువుగా వినిపించినా దీని మూలం మనం రోజూ చేసే పనిలోనే ఉంది. అందుకని ఒక తీసివేతతో మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట ఒక పల్లెలోని ప్రాథమిక పాఠశాలకు వెళ్లాను. నాలుగో తరగతిలో ఆ రోజు పందొమ్మిది మంది పిల్లలున్నారు. పలకల మీద 43లోంచి 27 తీసివేయమన్నాను. ఐదుగురు 16 అని సరిగ్గా రాశారు. ఇద్దరు ఏమీ రాయలేదు. ఒక పిల్లవాడు రెండింటినీ కూడి 70 వేశాడు. మిగిలిన పదకొండు మందీ 24 అని రాశారు. ఒకరి పలక ఒకరు చూసి రాశారేమోనని పదకొండు మందినీ విడివిడిగా వరండాలోకి పిలిచి, ఇంకో తీసివేత ఇచ్చి, గట్టిగా చెబుతూ చేయమన్నాను. అందరిదీ ఒకటే దారి. పదుల స్థానంలో నాలుగులోంచి రెండు పోతే రెండు. ఒకట్ల స్థానంలో మూడులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి మూడు తీసేస్తే నాలుగు. ఒక అమ్మాయిని ‘అలా ఎందుకు చేశావమ్మా?’ అని అడిగితే, ‘పెద్దదాంట్లోంచే కదండీ చిన్నది తియ్యాలి’ అంది. ఆ మాట ఆమె ఒకటో తరగతిలో నేర్చుకుంది, శ్రద్ధగా గుర్తుపెట్టుకుంది. అప్పు తెచ్చుకోవడం చెప్పిన రోజుల్లో మాత్రం అది ఎందుకో, ఎక్కడి నుంచి తెస్తున్నామో ఆమెకు అందలేదు.

ఆ బడి మార్కుల రిజిస్టరు కూడా చూశాను. 24 అని రాసిన పదకొండు మందికీ, ఏమీ రాయని ఇద్దరికీ, కూడిక చేసిన ఆ ఒక్కడికీ ఈ ప్రశ్నకు పడేది ఒకటే సున్న. మొత్తం మార్కులు గ్రేడుగా మారతాయి, గ్రేడు తరగతి సగటుగా మారుతుంది, సగటు చుట్టుపక్కల బడులన్నీ కలిసిన కాంప్లెక్సుకు, మండలానికి, జిల్లాకు వెళుతుంది. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ ఆ అంకెలోంచి పిల్ల జారిపోతూ ఉంటుంది. జిల్లా కార్యాలయానికి చేరేటప్పటికి ‘గణితంలో వెనుకబాటు’ అన్న రెండు మాటలు మిగులుతాయి, ఆ రెండు మాటలతో రేపు పొద్దున బడికి వెళ్లి ఏం చేయాలో ఎవరికీ తెలియదు. కాని ‘పదకొండు మంది 24 అని రాశారు’ అన్న వాక్యంతో ఏం చేయాలో ఈ హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. లెక్క దేని గురించి తీశాం, ఎవరు తీశారు, తీసిన లెక్క తిరిగి ఎవరి చేతికి వచ్చింది అన్న మూడు విషయాలను బట్టే బడి గణాంకాలు పిల్లలకు అక్కరకు రావడం, రాకపోవడం ఉంటుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. గత పాతికేళ్లలో మన దేశంలోనూ, ఆఫ్రికాలోనూ, పాకిస్తాన్‌లోనూ జరిగిన పరిశోధనలు ఈ సంగతినే మళ్లీ మళ్లీ తేల్చాయి. వాటిలో చాలా ముఖ్యమైనది ఒకటి మన తెలుగు నేల మీదే, మనలాంటి ఊరిబడుల్లోనే జరిగింది. దాని దగ్గరికి వస్తాను.

ముందుగా మన దగ్గర ఉన్న లెక్కల గురించి కొంచెం. 1990ల నడుమ జిల్లా ప్రాథమిక విద్యా పథకం రోజుల్లో పుట్టిన ‘డైస్’ అనే బడుల సమాచార వ్యవస్థ, 2012-13లో ‘యూడైస్’ అయింది, 2018-19 నుంచి ఆన్‌లైన్‌లో ‘యూడైస్ ప్లస్’గా నడుస్తోంది. 2023-24 లెక్కల్లో దేశం మొత్తం మీద 14.7 లక్షల బడులు, సుమారు 24.8 కోట్ల మంది విద్యార్థులు, 98 లక్షల మంది ఉపాధ్యాయులు కనిపిస్తారు. ఇంత పెద్ద లెక్కను ఏటా తీయడం చిన్న పని కాదు. ఏ బడికి ప్రహరీ లేదో, ఏ బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదో, ఏ ఊరిలో ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులు నెట్టుకొస్తున్నాడో ఈ లెక్కలు లేకపోతే తెలిసే దారే లేదు. దీన్ని నింపడానికి మీరు పడే కష్టం నాకు తెలుసు. సర్వర్ పనిచేయని రాత్రులూ తెలుసు. ఆ కష్టం వృథా అని నేననను. కాని ఈ లెక్క బడిలో ఏం ఉందో చెబుతుంది, పిల్లకు ఏం వచ్చిందో చెప్పదు. చాలాకాలం మన విధానకర్తలు మొదటిది ఉంటే రెండోది దానంతట అదే వస్తుందనుకున్నారు. గది కట్టి, పంతులును వేసి, పుస్తకం ఇస్తే చదువు వస్తుందనుకున్నారు.

ఆ నమ్మకాన్ని కదిలించినది 2005లో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన ‘అసర్’ సర్వే. దాని పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. జిల్లాలో కొన్ని గ్రామాలను, గ్రామంలో కొన్ని ఇళ్లను ఎంచుకుని వలంటీర్లు ఇంటికే వెళతారు. పిల్లలకు ఒక కాగితం చూపిస్తారు. అందులో అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. పిల్ల ఎంతవరకు చదవగలదో అక్కడ గుర్తు పెడతారు. ఇంటికే ఎందుకు వెళ్లాలంటే, బడిలో పరీక్షిస్తే ఆ రోజు రాని పిల్లలు లెక్కలోకి రారు, తరచుగా చదువు రాని పిల్లలే బడికీ రారు. ఇలా చూసినప్పుడు ఐదో తరగతి పిల్లల్లో ఇంచుమించు సగం మంది రెండో తరగతి కథ చదవలేకపోతున్నారని బయటపడింది. 2024లో 605 గ్రామీణ జిల్లాల్లో, 6 లక్షలకు పైగా పిల్లలను చూసిన సర్వేలోనూ ఆ నిష్పత్తి ఆ చుట్టుపక్కలే ఉంది. అదే పద్ధతిని పాకిస్తాన్ తీసుకుంది. కెన్యా, టాంజానియా, ఉగాండాల్లో ‘ఉవేజో’ పేరుతో నడిచింది. పెద్ద పెద్ద ప్రశ్నపత్రాలు చేయలేని పనిని ఒక కాగితం చేసిందంటే దానికి కారణం ఉంది. ఊరి సర్పంచికి, చదువు రాని తల్లికి కూడా ఆ ఫలితం అర్థమవుతుంది. ‘మీ అమ్మాయి పదాలు చదువుతోంది, పేరా చదవలేకపోతోంది’ అంటే అర్థం కానివారు ఎవరుంటారు?

అయితే రోగం ఉందని తెలియడం వేరు, మందు తెలియడం వేరు. ఏ పని చేస్తే పిల్లల చదువు బాగుపడుతుందో లెక్కల్లోంచి తెలుసుకోవడం మనం అనుకున్నంత సులభం కాదు. దీనికి కెన్యాలో జరిగిన ఒక పరిశోధన చక్కని ఉదాహరణ. గోడకు వేలాడదీసే బొమ్మల చార్టులు ఉన్న బడుల్లో, లేని బడుల్లో పిల్లల మార్కులను పరిశోధకులు పోల్చి చూశారు. చార్టులున్న బడుల పిల్లలకు మార్కులు గణనీయంగా ఎక్కువ వచ్చాయి. ఇక్కడ ఆగిపోతే, దేశమంతటా చార్టులు కొనిపెట్టాలన్న నిర్ణయం జరిగిపోయేది. ఆ పరిశోధన చేసిన ఆర్థికవేత్తలు పాల్ గ్లూవీ, మైఖేల్ క్రెమర్, వారి సహచరులు అక్కడ ఆగలేదు. 178 బడులను తీసుకుని, లాటరీ వేసినట్లు యాదృచ్ఛికంగా సగం బడులకు చార్టులు ఇచ్చి, మిగతా సగానికి ఇవ్వకుండా, తరవాత మార్కులు చూశారు. ఏ తేడా లేదు. మరి మొదటి లెక్కలో తేడా ఎక్కడి నుంచి వచ్చింది? చార్టులు కొనుక్కోగలిగిన బడి సాధారణంగా శ్రద్ధగల ప్రధానోపాధ్యాయుడు, కాస్త చేతిలో డబ్బున్న తల్లిదండ్రులు ఉన్న బడి. మార్కులు వాళ్ల వల్ల వచ్చాయి, పేరు చార్టుకు వచ్చింది.

ఈ సంగతిని నేను ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. మన సమీక్షా సమావేశాల్లో ఈ పొరపాటు ప్రతి నెలా జరుగుతుంది. ‘ఫలానా మండలంలో ఫలితాలు బాగున్నాయి, అక్కడ ఫలానా పుస్తకం వాడుతున్నారు, మీరూ వాడండి’ అంటారు. ఆ మండలం పట్టణానికి ఆనుకుని ఉందా, అక్కడ ఖాళీలు ఎన్ని ఉన్నాయి, పిల్లలు బడి అయ్యాక ట్యూషన్‌కు వెళుతున్నారా అన్న ప్రశ్నలు ఎవరూ అడగరు. లాటరీ వేసి బడులను ఎంచుకోవడం మొదట అన్యాయంగా కనిపిస్తుంది. ఒక బడికి ఇచ్చి పక్క బడికి ఇవ్వకపోవడం ఏమిటని మనసు బాధపడుతుంది. కాని మందు పనిచేస్తుందో లేదో తెలియకుండా లక్ష బడులకు పంచి, పదేళ్ల తరవాత పనిచేయలేదని తెలుసుకోవడం అంతకన్నా పెద్ద అన్యాయమని నా నమ్మకం.

ఇక మన ఇంటి సంగతి. 2005లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి ఒక పెద్ద పరిశోధన ప్రారంభించాయి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దానికి సారథులు. ఐదు జిల్లాలు, జిల్లాకు పది మండలాలు, మండలానికి పది చొప్పున మొత్తం 500 ప్రభుత్వ గ్రామీణ ప్రాథమిక పాఠశాలలను తీసుకున్నారు. వాటిని లాటరీ పద్ధతిలో వందేసి బడుల ఐదు గుంపులుగా విడదీశారు. ఒక వంద బడుల్లో, తన పిల్లల మార్కులు ఎంత మెరుగైతే అంత ప్రోత్సాహకం ఉపాధ్యాయుడికి విడిగా ఇచ్చారు. ఇంకో వంద బడుల్లో ఆ ప్రోత్సాహకాన్ని బడిలోని ఉపాధ్యాయులందరికీ కలిపి ఇచ్చారు. మూడో వందకు అదనంగా ఒక కాంట్రాక్టు ఉపాధ్యాయుణ్ణి ఇచ్చారు. నాలుగో వందకు పిల్లల చదువుకు కావలసిన సామగ్రి కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చారు. ఐదో వందకు ప్రోత్సాహకం గాని, అదనపు ఉపాధ్యాయుణ్ణి గాని, డబ్బు గాని ఇవ్వకుండా పోల్చి చూసుకోవడానికి ఉంచారు. పరీక్షలు బడి ఉపాధ్యాయులు కాకుండా బయటివాళ్లు పెట్టారు, బయటివాళ్లే దిద్దారు.

రెండేళ్ల తరవాత ప్రోత్సాహక బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. ఈ భాష మనకు కొత్త కాబట్టి ఇలా చెబుతాను: వంద మందిని మార్కుల వరసలో నిలబెట్టి కింది నుంచి లెక్కిస్తే, సరిగ్గా నడుమ ఉన్న పిల్ల గణితంలో దాదాపు 61వ స్థానానికి, భాషలో దాదాపు 57వ స్థానానికి ఎదిగినట్లు. ప్రోత్సాహకం లేని సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రాల్లో కూడా వాళ్లే మెరుగ్గా ఉన్నారు. ఆశ్చర్యమేమిటంటే ఉపాధ్యాయుల గైర్హాజరు తగ్గలేదు. మారింది వచ్చినవాళ్లు బడిలో చేసే పని. ఇంటిపని ఎక్కువ ఇచ్చారు, బడి వేళల తరవాత కూడా చెప్పారు, వెనుకబడిన పిల్లలను పక్కన కూర్చోబెట్టుకున్నారు. అదనపు కాంట్రాక్టు ఉపాధ్యాయులను ఇచ్చిన బడుల్లోనూ రెండేళ్లలో చదువు మెరుగైంది.

సామగ్రికి డబ్బిచ్చిన బడుల కథ వేరు. మొదటి సంవత్సరం ఆ డబ్బు అనుకోకుండా వచ్చింది, పిల్లల చదువు కొంత బాగుపడింది. రెండో సంవత్సరం డబ్బు వస్తుందని ఊళ్లో అందరికీ ముందే తెలుసు. బడి నోటుపుస్తకాలు ఇస్తుందని తెలిసిన తల్లిదండ్రులు తాము కొనడం తగ్గించారు; ఆ పొదుపు ఇంట్లో మరో అవసరానికి వెళ్లింది. దాంతో చదువులో అదనపు లాభం కనిపించలేదు. ఇందులో తల్లిదండ్రుల తప్పేమీ లేదు. కూలి డబ్బుతో ఇల్లు నడిపే ఎవరైనా అదే చేస్తారు. బడిలోని సామాను మాత్రమే లెక్కపెట్టే సర్వేకు ఇంటి ఖర్చులో జరిగిన ఈ మార్పు ఎన్నటికీ కనిపించదు.

కాని ఈ పరిశోధనలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన భాగం ఇది కాదు. అందులోనే అంతగా ప్రచారం రాని ఒక చిన్న ప్రయోగం ఉంది. వంద బడుల ఉపాధ్యాయులకు తమ పిల్లల పరీక్షా ఫలితాలను వివరంగా విశ్లేషించి నివేదికలుగా ఇచ్చారు. ఏ పిల్ల ఏ అంశంలో ఎక్కడ ఉందో, ఆ నివేదికను ఎలా చదవాలో, దాన్ని బట్టి బోధనను ఎలా మార్చుకోవచ్చో రాసి ఇచ్చారు. తరవాత ఆ తరగతులను అప్పుడప్పుడు వెళ్లి పరిశీలించారు. అంటే ఇప్పుడు మనం ‘డేటా ఆధారిత బోధన’ అని ఏదైతే అంటున్నామో సరిగ్గా అదే. సంవత్సరం చివర పరీక్ష పెడితే ఆ వంద బడుల పిల్లలకూ, ఆ నివేదికలు అందని బడుల పిల్లలకూ మధ్య తేడా లేదు. పరిశీలకులు తరగతిలో కూర్చున్నప్పుడు మాత్రం ఆ ఉపాధ్యాయులు మిగతావాళ్లకన్నా చురుగ్గా బోధించారు.

ఇక్కడ మరో విశేషం. ఇలాంటి నివేదికలే ప్రోత్సాహక బడులకు కూడా అందాయి. అక్కడ ‘నివేదిక నాకు ఉపయోగపడింది’ అన్న ఉపాధ్యాయుల పిల్లలు నిజంగానే ముందుకెళ్లారు. నివేదిక మాత్రమే అందిన బడుల్లో ‘ఉపయోగపడింది’ అన్న ఉపాధ్యాయుల పిల్లలకూ, అనని వాళ్ల పిల్లలకూ తేడా లేదు. కాగితం ఒకటే, దాన్ని అందుకున్న మనిషికి దానితో పని ఉందా లేదా అన్నదే తేడా.

ఇది విని ఉపాధ్యాయులకు డబ్బు ఆశ చూపిస్తే తప్ప పనిచేయరని ఎవరైనా అర్థం చేసుకుంటే నేను ఒప్పుకోను. ఆ ప్రోత్సాహకం సగటున ఏడాది జీతంలో మూడు శాతం దగ్గర ఉంది. అంత చిన్న మొత్తానికి అంత ఫలితం వచ్చిందంటే అది కేవలం డబ్బు శక్తి కాదని నా ఆలోచన. ‘నీ తరగతిలో పిల్ల నేర్చుకుంటే అది మేం గమనిస్తున్నాం’ అన్న మాట మన వ్యవస్థలో ఉపాధ్యాయుడికి ఎవరూ చెప్పరు. రిజిస్టరు సరిగ్గా ఉందా, భోజనం లెక్క సరిపోయిందా, యాప్‌లో ఫొటో ఎక్కిందా అని అడిగే అధికారి, ఆ పదకొండు మంది ఇప్పుడు తీసివేత చేస్తున్నారా అని అడగరు. ఆ ప్రశ్న అడిగే మనిషి ఉంటే నివేదికకు ప్రాణం వస్తుంది.

పాకిస్తాన్ పంజాబ్‌లో జరిగిన పరిశోధన ఇదే విషయాన్ని ఇంకో దిక్కు నుంచి చూపిస్తుంది. తాహిర్ అంద్రాబీ, జిష్ణు దాస్, ఆసిం ఖ్వాజా 112 గ్రామాల్లో పిల్లలకు పరీక్షలు పెట్టారు. అందులో సగం గ్రామాల్లో ప్రతి పిల్ల మార్కులను, ఊళ్లోని ప్రతి బడి సగటును కార్డులుగా వేయించి తల్లిదండ్రుల చేతికి ఇచ్చారు. ఏడాది గడిచేసరికి కార్డులు అందిన గ్రామాల్లో పిల్లల మార్కులు 0.11 ప్రామాణిక విచలనాల మేర పెరిగాయి, ప్రైవేటు బడుల ఫీజులు సగటున 17 శాతం తగ్గాయి, బడిలో చేరే పిల్లలూ పెరిగారు. ఏ బడిలో చదువు ఎలా ఉందో ఊరందరికీ తెలిసిపోయాక ఎక్కువ ఫీజుకు సాకు లేకపోయింది, చదువు చెప్పక తప్పలేదు. మన దగ్గర ఉపాధ్యాయుడి బల్ల సొరుగులోకి వెళ్లిన సమాచారం కదలలేదు. అక్కడ తల్లిదండ్రుల చేతికి వెళ్లిన సమాచారం ఊరిని కదిలించింది.

ఉగాండా అనుభవం చదువు గురించి కాదు, డబ్బు గురించి. అయినా క్లుప్తంగా చెప్పాలి. 1990ల మొదట్లో అక్కడి ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలలకు తలసరి గ్రాంటు పంపేది. రిత్వా రైనిక్కా, యాకోబ్ స్వెన్సన్ 250 బడులకు వెళ్లి ఆ డబ్బు ఎంత చేరిందని లెక్క చూస్తే, 1991 నుంచి 1995 వరకు సగటున 13 శాతమే చేరినట్లు తేలింది. ఖజానా పుస్తకాల్లో మాత్రం మొత్తం విడుదలైనట్లే ఉంది. ఆ తరవాత ప్రభుత్వం ఏ జిల్లాకు ఎంత పంపిందో పత్రికల్లో వేయించింది, బడి గోడల మీద రాయించింది. కొన్నేళ్లకు చేరే వాటా 80 శాతం దాటింది. ఆ పెరుగుదలలో పత్రికల పాలు ఎంత, అదే కాలంలో జరిగిన ఇతర సంస్కరణల పాలు ఎంత అన్నదాని మీద తరవాత వాదన నడిచింది, అది న్యాయమైన వాదనే. కాని పై పుస్తకంలోని అంకెను కింద బడిలో సరిచూసేవరకు ఆ నష్టం ఎవరి కంటా పడలేదన్నది మాత్రం నిర్వివాదం.

ఇప్పుడు ఒక కష్టమైన విషయం మాట్లాడాలి. లెక్క ఎవరు తీశారు అన్నది. మధ్యప్రదేశ్‌లో ప్రభుత్వ బడులు తమ పిల్లలకు తామే పెట్టుకున్న పరీక్షల ఫలితాలను అభిజీత్ సింగ్ అనే పరిశోధకుడు సరిచూశారు. అవే ప్రశ్నలను అదే పిల్లలకు బయటివాళ్ల పర్యవేక్షణలో మళ్లీ పెడితే, అధికారిక రికార్డుల్లో కనిపించిన చదువు చాలావరకు కనిపించలేదు. విభజన తరవాతి మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఆయన పని చేశారు. ఉపాధ్యాయులే పర్యవేక్షించిన కాగితం పరీక్షల్లో మార్కులు ఉబ్బి ఉన్నాయని, ట్యాబ్‌ల మీద పెట్టిన పరీక్షల ఫలితాలు నిజానికి బాగా దగ్గరగా ఉన్నాయని ఆ పరిశోధనలో తేలింది.

ఈ సంగతి చెప్పేటప్పుడు ఉపాధ్యాయులను దోషులుగా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే నేనూ ఆ పని చేశాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది అర్ధసంవత్సర పరీక్షల తరవాత మా తరగతి సగటు చాలా తక్కువ వచ్చింది. ఆ సగటు సమావేశంలో చదివి వినిపిస్తారని, నిలబెట్టి అడుగుతారని తెలుసు. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని మార్కుల జాబితా తిరగరాశాను. ఏడు ఉన్నచోట పదకొండు, తొమ్మిది ఉన్నచోట పద్నాలుగు. ఒకే పెన్నుతో, ఒకే కూర్చోవడంలో రాసిన ఆ జాబితా చాలా శుభ్రంగా ఉంది. సమావేశంలో నన్ను ఎవరూ ఏమీ అనలేదు. కాని ఆ రోజు నుంచి ఆ పిల్లలకు చదువు రాదన్న సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియకుండా పోయింది. వాళ్ల కోసం ప్రత్యేక తరగతి అడగడానికి నా చేతిలో ఆధారం లేదు, దాన్ని నేనే చెరిపేశాను. ఇన్నేళ్లయినా ఆ జాబితా నాకు గుర్తుంది.

భయం ఉన్నచోట నిజమైన అంకె పుట్టదు. అందుకే పిల్లల పరిస్థితి తెలుసుకోవడానికి తీసే లెక్కను, ఉపాధ్యాయుణ్ణి అంచనా వేయడానికి తీసే లెక్కను వేరుచేయాలని నేను గట్టిగా కోరుతున్నాను. రెండో లెక్క తీయాలంటే బయటివాళ్లు రావాలి, వాళ్ల మీద తనిఖీ ఉండాలి. మొదటి లెక్క ఉపాధ్యాయుడి సొంతం. అందులో ఎంత తక్కువ వచ్చినా ఆయన్ను ఎవరూ నిలబెట్టి అడగకూడదు.

కాగితాల మీద మెరుగుదల చూపించడం వ్యక్తుల బలహీనత మాత్రమే కాదు, వ్యవస్థలు కూడా అదే చేస్తాయి. మధ్యప్రదేశ్‌లోనే బడులకు మదింపు చేసి, గ్రేడులిచ్చి, ప్రతి బడి చేత అభివృద్ధి ప్రణాళిక రాయించే కార్యక్రమం ఒకటి పెద్ద ఎత్తున జరిగింది. మదింపులు జరిగాయి, ప్రణాళికలు తయారయ్యాయి. మురళీధరన్, సింగ్ దాన్ని పరిశీలిస్తే ఉపాధ్యాయుల హాజరులో గాని, బోధనలో గాని, పిల్లల చదువులో గాని మార్పు కనబడలేదు. ఫారాలు పూర్తిచేయడమే పనిగా మారితే ఏమవుతుందో చూపించిన అధ్యయనం అది.

మరి మంచి ఫలితం వచ్చిన చోట ఏం జరిగింది? 2000ల తొలినాళ్లలో వడోదర, ముంబై నగరాల పురపాలక బడుల్లో ‘బాల్‌సఖి’ కార్యక్రమం నడిచింది. ఆ పేటలోనే ఉండే చదువుకున్న అమ్మాయి ఒకరు మూడు, నాలుగు తరగతుల్లో వెనుకబడిన పిల్లలను రోజూ రెండు గంటలు విడిగా కూర్చోబెట్టుకుని, వాళ్లకు రానిదేదో అది నేర్పేది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు యాదృచ్ఛిక పద్ధతిలో పరిశీలిస్తే స్పష్టమైన మెరుగుదల కనిపించింది. తరవాత అదే పద్ధతిని ప్రభుత్వ ఉపాధ్యాయులతో చేయించబోతే మొదట్లో కుదరలేదు. శిక్షణ ఇచ్చారు, సామగ్రి ఇచ్చారు, కాని సిలబస్ పూర్తిచేయాలన్న ఒత్తిడి అలాగే ఉంది; ఉపాధ్యాయులు సిలబస్ వైపే మొగ్గారు. అదే బీహార్‌లో వేసవి శిబిరాల్లో ఆ ఉపాధ్యాయులే నెల రోజుల్లో ఫలితం చూపించారు, ఎందుకంటే అక్కడ పూర్తిచేయాల్సిన సిలబస్ లేదు. హర్యానాలో 2012-13లో రోజుకు ఒక గంట ఈ పనికే కేటాయించి, ఆ గంటలో తరగతులను పక్కనపెట్టి పిల్లలను స్థాయిని బట్టి కూర్చోబెట్టి, క్లస్టర్ అధికారులు వచ్చి చేయిపట్టి చూపించాక, పద్ధతి మామూలు బడి వేళల్లో కూడా నిలబడింది. ఇప్పుడు జాంబియా ప్రభుత్వం తన బడుల్లో ‘క్యాచప్’ పేరుతో ఇదే నడుపుతోంది.

ఆ తరగతుల్లో వాడే గణాంకం ఎంతో మీరు ఊహించగలరు. అక్షరం, పదం, పేరా, కథ: నాలుగు గడులు, వాటిలో పిల్లల పేర్లు. ఒక్కో పిల్లకు ఐదు నిమిషాలు. పొద్దున తీసిన లెక్కను బట్టి మధ్యాహ్నం పిల్లలు కూర్చునే చోటు మారుతుంది. నెల తరవాత మళ్లీ తీస్తే కొన్ని పేర్లు పక్క గడిలోకి జరుగుతాయి. దాన్ని అర్థం చేసుకోవడానికి కంప్యూటర్ అక్కరలేదు, ఎవరి సంతకమూ అక్కరలేదు.

మళ్లీ మన నాలుగో తరగతికి వస్తాను. ఆ బడి టీచరు గారు నేను రాసుకున్న కాగితం అడిగి తీసుకున్నారు. మర్నాటి నుంచి చీపురుపుల్లలను పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్లతో కట్టలు కట్టించారు. 43 అంటే నాలుగు కట్టలు, మూడు విడిపుల్లలు. ఏడు పుల్లలు ఇవ్వాలి, విడిగా మూడే ఉన్నాయి, ఏం చేద్దామని అడిగితే పిల్లలే ఒక కట్ట విప్పారు. ‘అప్పు’ అన్న మాట ఆవిడ పది రోజులపాటు వాడలేదు. రెండు వారాల తరవాత నేను మళ్లీ వెళ్లి 52లోంచి 38 తీసివేయమన్నాను. ఆ పదకొండు మందిలో ఏడుగురు 14 అని రాశారు. ఒకరు బడికి రాలేదు. ముగ్గురు 26 అనే రాశారు, పాత దారిలోనే. టీచరు గారు ఆ ముగ్గురి పలకలూ వరసగా పెట్టుకుని, ‘వీళ్లకు పదుల స్థానమే ఇంకా కుదరలేదండీ, తీసివేత తరవాత సంగతి’ అన్నారు. ఆ ముగ్గురినీ కట్టలు లెక్కపెట్టడం దగ్గర మళ్లీ మొదలుపెట్టారు.

వచ్చే కాంప్లెక్స్ సమావేశానికి మీరు మార్కుల జాబితాలు ఎలాగూ తెస్తారు. వాటితో పాటు మీ తరగతిలో ఎక్కువమంది పిల్లలు ఒకేలా తప్పు చేసిన జవాబు ఒకటి, వాళ్లు రాసిన కాగితాలతో సహా తీసుకురండి. పేర్లు మడిచిపెట్టండి, పిల్లల పేర్లు నలుగురిలో చదవాల్సిన పని లేదు. ఆ కాగితాలను బల్ల మీద పరిచి, పిల్లలు ఆ జవాబుకు ఏ దారిలో వెళ్లారో కలిసి చూద్దాం. ఆ సమావేశానికి నేనూ వస్తాను.